0.28 – రిమార్కులు: ఏమీ లేవు

కొత్త కోరింగ, నీళ్ళ మీద తేలే పట్నం, రక్తపరీక్షల గది. ఏడో పుస్తకం. రాసేది: ఓలేటి సత్యవేణి.

నమోదు 2214. పట్నం తేలిన 41వ ఏడు, మూడో నెల, 4

ఈ పుస్తకంలో ఐదు గళ్ళున్నాయి. పేరు, పని, అంకె, ఫలితం, రిమార్కులు. మొదటి నాలుగూ ఎలా నింపాలో నాకు పదిహేను రోజులు శిక్షణ ఇచ్చి మరీ నేర్పారు. ఐదోదాని గురించి అడిగితే "ఏమీ లేవు అని రాసెయ్" అన్నారు. పదకొండేళ్ళుగా అదే రాస్తున్నాను. నా చేతికి అలవాటైపోయి, ఒకసారి మా అన్నయ్యకి రాసిన ఉత్తరం చివర కూడా "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఇవాళ్టి నుంచి ఉంటాయి. గడి చాలకపోతే పక్క పేజీలోకి వెళ్తాను. కాగితం దండగంటే నా జీతంలో కోసుకోండి, ఆ జీతానికి కొయ్యడానికి ఏం మిగిలిందో మీకే తెలుస్తుంది.

పేరు: మల్లాడి నూకరత్నం. పని: మునక. అంటే గాలిగొట్టం నోట కరుచుకుని పట్నం అడుక్కి దిగి, అక్కడ పట్టిన గుల్లల్ని గీకడం. అంకె: 0.28. ఫలితం: లేదు.

పట్నంలో అందరం రోజూ తినే గంగపండు ఆమె ఒంటికి పడకపోవడం అనేది లేదు అని దానర్థం. అంకె 0.35 దాటితే "ఉంది". దాటకపోతే "లేదు". ఆ గీత ఎవరు గీశారో, ఎక్కడ గీశారో, ఎవరి రక్తం చూసి గీశారో ఎవరికీ తెలీదు. మేం నీళ్ళ మీదకి వచ్చినప్పుడు యంత్రంతోపాటు అదీ వచ్చింది. యంత్రానికి జనం పెట్టిన పేరు ధర్మకాటా. ఊళ్ళో ఆఖరి డాక్టరుగారు పోయి ఆరేళ్ళయింది. ధర్మకాటా ఉండగా ఇంకో డాక్టరు దేనికని సభవారు ఆ కుర్చీ కూడా తీయించేశారు.

నూకరత్నం నెల రోజుల్లో రావడం ఇది మూడోసారి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, గుల్లలు గీకి గీకి భుజాలు పలకల్లా తేరాయి. గుమ్మంలోనే అడిగింది.

"ఏటి సత్యవేణక్కా, మళ్ళీ లేదేనా?"

"లేదే."

"మరి నోరంతా దురదెత్తిపోతంది కదా. నా పెదాలు సూడు, బూరెల్లాగ ఎలా పొంగేయో."

చూశాను. బూరెలే. కానీ పుస్తకంలో బూరెలకి గడి లేదు.

"పైన కూచున్నప్పుడు ఒట్టి దురదేనక్కా, ఓర్చుకుంటాను. కిందకి దిగి గీకుడు మొదలెడితేనే గొంతు పట్టేత్తంది. నిన్న ఊపిరందలేదు. పైనున్న అత్తకి తెలిసేలాగ తాడు లాగుదామంటే చెయ్యి ఆడలేదు."

"అయితే ఆ పండు తినడం మానెయ్యవే."

"మానేత్తే కార్డు లాగేసుకోరూ? ఇప్పటికే రెండుసార్లు వద్దన్నాను."

అదీ నిజమే. పొద్దున్నే పనికెళ్ళే ప్రతివాడూ పండు కిటికీ దగ్గర నిలబడి, ఒక ముక్క అక్కడే తిని, గుమాస్తాకి నాలుక చాపి చూపించి వెళ్ళాలి. తొమ్మిదో ఏట చిగుళ్ళు నెత్తురు కారి నలభై మంది పోయాక పెట్టిన ఆచారం. తప్పనను. ఆ పండే లేకపోతే మాకెవరికీ నోట్లో పళ్ళుండేవి కావు. కానీ "లేదు" కార్డున్న మనిషి మూడుసార్లు వద్దంటే పేరు వేషాల పలక మీదకి, అంటే దొంగ జబ్బులవాళ్ళ జాబితాలోకి ఎక్కుతుంది. మునక కార్డు పోతుంది. కార్డుతోపాటు గది పోతుంది. ఆ తర్వాత చివరి పడవల్లో, పైకప్పు లేని చోట పడుండాలి.

వెళ్తూ వెళ్తూ నూకరత్నం అడిగింది: "నువ్వు లేదని రాసేత్తే, ఆ సంగతి నా గొంతుకి తెలుత్తాదా అక్కా?"

అందుకే రాస్తున్నాను.

నమోదు 2217. అదే నెల, 6

అంకెల అధికారి గొల్లకోట బుచ్చిరామం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి "ఉంది" కార్డుంది. అంకె 0.41. పట్నం మొత్తం మీద "ఉంది" కార్డులు ఏడు. ఆ ఏడుగురికీ పండుకి బదులు మాత్రలు, నీడలో కుర్చీ. ప్రాణం మీదకి వస్తే పొడవడానికి అడ్రినలిన్ సూదులు పట్నంలో మిగిలినవి రెండే. వాటిలో ఒకదానికి గడువు తీరిపోయింది. రెండోది బుచ్చిరామం గారి చొక్కా జేబులో, మామూలు మనుషులు పెన్ను పెట్టుకునే చోట ఉంటుంది. ఎంత ప్రమాదకరమైన జీవితమో పాపం. ఆయన బల్ల కింద బుట్టలో గంగపండు తొక్కలు కనిపిస్తే, ఎవరివండీ అనడిగాను. "మా ఆవిడ తిందమ్మా" అన్నారు. ఆవిడ పుట్టింటి పడవకి వెళ్ళి నెలయింది. చెయ్యి చాలా పొడవు కాబోలు.

"నూకరత్నానికి నిజంగానే పడట్లేదండీ. నా కళ్ళతో చూశాను," అన్నాను.

"నీ కళ్ళకి లైసెన్సుందా అమ్మా?"

"లేదండీ."

"కాటాకి ఉంది. చూడు సత్యవేణమ్మా, మనం తూకం వేసేవాళ్ళం. తూకం ఎంతో చెప్పాలి. బియ్యం మంచివా పుచ్చువా అన్నది మన పని కాదు."

"బియ్యం కాదండీ, మనిషండీ."

"అదిగో, దాన్నే వ్యాఖ్యానం అంటారు. మన గదిలో వ్యాఖ్యానం నిషిద్ధం," అని, జేబులో సూది సర్దుకుని, "అయినా ప్రాణభయం ఎలా ఉంటుందో నీకేం తెలుసు" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. చిత్తమండీ అని వచ్చేశాను. పదకొండేళ్ళ నౌకరీ మనిషికి నేర్పేది ఆ మాటే.

నమోదు 2221. అదే నెల, 9

గంగులమ్మత్త వచ్చింది. నూకరత్నం అత్తగారు. నాకు చుట్టమేం కాదు, పట్నంలో అరవై దాటిన ఆడవాళ్ళందర్నీ అత్తా అనే పిలుస్తాం. ఒకప్పుడు ఆవిడా మునక మనిషే. ఇప్పుడు పైన కూర్చుని కోడలి తాడు పట్టుకుంటుంది. రెండేళ్ళ క్రితం వరకూ కొడుకు కొండబాబు తాడు పట్టుకునేది. అతను పట్నం అడుగునే పోయాడు. గుండె ఆగిందని రాశారు.

"ఏవమ్మా సత్యవేణీ, మా కోడలు నీ చుట్టూ తిరుగుతోందంట. కార్డు మార్పిత్తావా ఏటి?"

"నేనెవర్నత్తా మార్చడానికి? కాటా చెప్పాలి."

"అది చెప్పింది కదా, లేదని. మరింకేటి? వేషాలు. నీకో సంగతి చెప్పనా? ఆదివారం పూట గంగపండు జామ్ పెడతారు కదా, అది మాత్రం సీసాడు నాకేత్తాది. దురదా లేదు, దద్దురూ లేదు. పచ్చిది తినమంటేనే మహారాణిగారికి పెదాలు పొంగుతాయి! పండొకటే కదా, ఉడికితే ఒకలాగా, ఉడక్కపోతే ఒకలాగానా?"

ఆవిడ చేతులు తిప్పుకుంటూ పోయింది. నేను మాత్రం ట్రే చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఎందుకంటే అప్పుడు నేను చేస్తున్న పని ఇది: పరీక్షకి కావలసిన పండురసాన్ని ఆవిరిపెట్టెలో పెడుతున్నాను. మా గదిలోకి ఏది వచ్చినా ముందు పావుగంట ఆవిరి పట్టాలి. పదిహేడో ఏట గదికి బూజు పట్టి పరీక్షలన్నీ పాడైనప్పుడు పెట్టిన నియమం. సూదులకి ఆవిరి, గుడ్డలకి ఆవిరి, చీపురుకి ఆవిరి. పండుకీ ఆవిరి. ఆ ఉడికిన రసాన్ని కాటాలో పోస్తాం. మనిషి రక్తంలోని యాంటీబాడీలు ఆ రసాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటాయో కాటా కొలిచి అంకె చెబుతుంది.

అంటే పదకొండేళ్ళుగా నేను ఊరందరికీ చేస్తున్నది జామ్ పరీక్ష. పంచదార ఒక్కటే తక్కువ.

"ఉడికితే సారం పోతుంది, పచ్చిదే తినాలి" అని ఒకటో తరగతి పిల్లలు పాడతారు. వాళ్ళు పాడుకుంటూ రోజూ నా కిటికీ ముందు నుంచే వెళ్తారు. నేను లోపల ఆవిరిపెట్టె మూత బిగిస్తూ ఉంటాను. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే కాబోలు, మాకు గడ్డి దొరకదు కాబట్టి ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయాను.

నమోదు 2222. అదే నెల, 10

ఇంకో సంగతి. కాటా చీటీ మీద రెండు అంకెలు వస్తాయి. పైది గంగపండు అంకె. కిందది, ఒంట్లో ఆ జాతి యాంటీబాడీలు అన్నీ కలిపి మొత్తం ఎన్నున్నాయో ఆ అంకె. కిందదానికి పుస్తకంలో గడి లేదు. అందుకని పై ముక్క పుస్తకంలో అంటించి, తోక చింపి పారెయ్యమన్నారు. కాగితం కదా, పారెయ్యబుద్ధి కాక నేను తీగకి గుచ్చుతాను. వెనక వైపు తెల్లగా ఉంటుంది, సరుకుల జాబితాకి పనికొస్తుంది.

తీగ విప్పి నూకరత్నం తోక వెతికాను. మొత్తం: 3. అచ్చుతప్పు కాదు, మూడే. మామూలు మనిషికి యాభయ్యో వందో ఉంటాయి. ఇలా అడుగంటిపోయినవాళ్ళూ ఉంటారు. తర్వాత బుచ్చిరామం గారిది వెతికాను. మొత్తం: 2640. ఆయన రక్తంలో దుమ్ముకీ, బూజుకీ, పీతకీ, పిల్లికీ అన్నిటికీ తలా కాస్త ఉన్నట్టుంది.

పదిమంది ఉన్న పడవలో ఒకడు కత్తి తీస్తే మనం నీళ్ళలోకి దూకేస్తాం. ఆరువేల మంది ఉన్న తీర్థంలో ఒకడి చేతిలో కత్తి కనిపిస్తే, పుచ్చకాయలు కోసేవాడు అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతాం. నూకరత్నం పడవలో దాదాపు పదోవంతు గంగపండు మీద కత్తి నూరుతోంది. అదీ ఉడికించి చంపేసిన పండుని చూసి. పచ్చిదాన్ని చూస్తే ఎంత నూరేదో. బుచ్చిరామం గారి తీర్థంలో ఉన్నది పుచ్చకాయల వ్యాపారి.

కానీ గీత మాత్రం ఒక్కటే. 0.28 ఇటు, 0.41 అటు. ఈమె వేషాల మనిషి, ఆయన ప్రాణగండం ఉన్న మహానుభావుడు.

డాక్టరుగారు వదిలి వెళ్ళిన పాత పుస్తకం తిరగేశాను. అందులో రాసి ఉంది: అంకె తక్కువైనంత మాత్రాన పడుతుందని కాదు, అంకె ఉన్నంత మాత్రాన పడదనీ కాదు, మనిషిని అడుగు, పచ్చి పండుతో చూడు. అరపేజీ కూడా లేదు. రోజూ రబ్బరు తగిలేవాళ్ళలో కొందరికి కొన్ని పళ్ళు పడవని కూడా ఉంది, రెండిటికీ ఎక్కడో చుట్టరికం ఉందట. మునకవాళ్ళు పొద్దస్తమానం కరుచుకుని ఉండేది రబ్బరు గొట్టమే.

ఆ పుస్తకం ఆరేళ్ళుగా నా బల్ల కోడు కింద ఎత్తు కోసం ఉంది. నా చేతులతో నేనే పెట్టాను.

నమోదు 2223. అదే నెల, 12

సభకి అర్జీ పెట్టాను. మూడు కోరికలు: పచ్చి పండుతో పరీక్ష చెయ్యనివ్వండి, తోక అంకె కూడా రాయనివ్వండి, అంతవరకూ నూకరత్నాన్ని పండు తినకుండా దిగనివ్వండి.

మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. ఇంత తొందరగా ఏ అర్జీకీ రాలేదు. ఒకటి: ఆవిరి పట్టని వస్తువు గదిలోకి రాకూడదు. రెండు: గడి లేనందున రాయడం కుదరదు. మూడు: ఫలితం "లేదు" కనుక వెసులుబాటు లేదు. కింద బుచ్చిరామం గారి సంతకం, పక్కన స్వదస్తూరీతో "వ్యాఖ్యానం తగ్గించుకోవాలి" అని హితవు.

నూకరత్నానికి చెప్పాను, రేపటి నుంచి పండు ముక్క బుగ్గన పెట్టుకుని పక్కకెళ్ళి ఉమ్మెయ్యమని. నవ్వింది. "నాలుక చూపించాలి కదక్కా. ఆ గుమాస్తా బుగ్గలో కూడా వేలెట్టి చూత్తాడు." పోనీ ఇంకోసారి వద్దనమన్నాను. "గది పోతే అత్తనెక్కడ పెట్టను? వానొత్తే ఆవిడకి కీళ్ళు పట్టేత్తాయి," అంది. ఆ అత్తే మూడు రోజుల కింద వచ్చి ఈవిడవి వేషాలని చెప్పి వెళ్ళింది.

నమోదు 2226. అదే నెల, 15

పొద్దున్న ఏడున్నర. పండు కిటికీ దగ్గర నేను కూడా వరసలో ఉన్నాను. నా ముందు నూకరత్నం ముక్క తిని, నాలుక చాపి చూపించి, గొట్టం కరుచుకుని దిగింది. గంగులమ్మత్త తాడు చేతికి చుట్టుకుని కూర్చుంది. నీడలో కుర్చీ వేసుకుని బుచ్చిరామం గారు మా నాలుకల పర్యవేక్షణ చేస్తున్నారు.

పది నిమిషాలు కూడా అయ్యుండదు. గంగులమ్మత్త లేచి నిలబడింది.

"తాడు బరువొచ్చింది," అంది. ఎవరికీ అర్థం కాలేదు. "గీకేటప్పుడు తాడు ఆడతాది. ఆడట్లేదు. లాగండ్రా!"

నలుగురం కలిసి లాగాం. నూకరత్నం పైకి వచ్చేసరికి ముఖం గుర్తుపట్టేలా లేదు. కళ్ళు మూసుకుపోయాయి, మెడంతా దద్దుర్లు, గొంతులో ఈల వేసినట్టు చప్పుడు. గంగులమ్మత్త కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కెవ్వున కేక పెట్టింది: "ఇలాగే ఉన్నాడే! మా కొండడు కూడా ఇలాగే ఉన్నాడే!"

నేను బుచ్చిరామం గారి మీదకి పరిగెత్తాను. "సూది ఇవ్వండి!"

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. "అది నా పేరు మీద ఉందమ్మా. ఆమెకి లేదు కదా, రాశావు కదా నువ్వే..."

చొక్కా జేబు చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ హాయిగా ఉంది. సూది తొడలో దింపాను. పది అంకెలు లెక్కపెట్టాను. తర్వాత ఇంకేం చెయ్యాలో ఆ పాత పుస్తకంలో ఉంది, కాళ్ళు ఎత్తి పడుకోబెట్టాను. నా జీవితంలో అంత పొడవైన ఐదు నిమిషాలు లేవు. తర్వాత ఈల తగ్గింది. నూకరత్నం వాంతి చేసుకుని, కాస్త కన్ను తెరిచి, "అత్తా, గొట్టం ములిగిపోయిందా?" అని అడిగింది. గొట్టం పోతే దాని ఖరీదు తన మీద పడుతుందని ఆ పిల్ల భయం.

సాయంత్రం మళ్ళీ రక్తం తీయమన్నారు, ఏం జరిగిందో కాటాయే తేల్చాలట. తీశాను. 0.26. ఫలితం: లేదు.

రాత్రికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి నూకరత్నానికి: పని వేళలో మూర్ఛ, మునకకి తాత్కాలికంగా అనర్హురాలు. రెండోది నాకు: ఇతరుల సూది దుర్వినియోగం, అధికారి చొక్కా చించడం. మూడు వారాల తర్వాత సభ ముందు విచారణ. మూడు వారాలు నాకు బాగా పనికొస్తాయి. ఇలాంటి దెబ్బ తిన్న ఒళ్ళు, పచ్చి పండుతో పరీక్షించినా, వెంటనే చర్మం మీద ఏమీ చూపించదు, కొన్ని వారాలు ఆగాలని పుస్తకంలో ఉంది. పుస్తకం ఇప్పుడు బల్ల మీద ఉంది. బల్ల కాస్త ఊగుతోంది, ఊగనీ.

నమోదు 2241. నాలుగో నెల, 8

నిన్న విచారణ పట్నం పైతట్టు మీద పెట్టారు. జనం బాగా వచ్చారు. మా ఊళ్ళో వినోదాలు తక్కువ.

చొక్కా చించావా అన్నారు. చించానండీ, కుట్టిస్తాను అన్నాను. సూది ఎందుకు వాడావు, ఆమెకి లేదు కదా అన్నారు. అయితే అది ఉందో లేదో మీ కళ్ళముందే చూద్దామన్నాను. పచ్చి పండు పరీక్ష నిషిద్ధం అన్నారు బుచ్చిరామం గారు. గదిలోకి పచ్చి పండు రాకూడదన్నారు, ఇది గది కాదు కదండీ, పైన ఆకాశం కనబడుతోంది అన్నాను. జనం నవ్వారు. సభ పెద్దకి జనం నవ్వితే భయం. సరే కానిమ్మన్నాడు.

పద్ధతి ఏమంత గొప్పది కాదు. గుండుసూదిని పచ్చి పండులో గుచ్చి, అదే సూదితో ముంజేతి మీద చిన్న గీటు పెట్టడం. పావుగంట ఆగడం. ముందు నా చేతికి పెట్టుకున్నాను, తర్వాత నూకరత్నానికి. పక్కన ఉత్త నీళ్ళ గీటు ఒకటి, సరిపోల్చుకోవడానికి. మునుపటిలా ప్రాణం మీదకొస్తుందేమోనని గడువు తీరిన ఆ మిగిలిన సూది కూడా అడిగి పక్కన పెట్టుకున్నాను, ఏమీ లేనిదానికన్నా అదే నయం.

తర్వాత బుచ్చిరామం గారి వైపు తిరిగాను.

"నాకెందుకమ్మా? నాది 0.41!" అన్నారు.

"అందుకేనండీ. పొంగితే మీ మాటే గెలుస్తుంది కదా."

జనం అంతా చూస్తున్నారు. ఆయన చెయ్యి చాపారు.

పావుగంట. గంగులమ్మత్త కోడలి పక్కనే నిలబడి ఆ చేతినే చూస్తోంది. ఐదు నిమిషాలకే నూకరత్నం గీటు చుట్టూ ఎర్రబడింది. పదికి దోమ కుట్టినట్టు లేచింది. పదిహేనుకి పప్పుచెక్కంత అయింది, అంచులు పాకుతున్నాయి. నా చేతి మీద ఏమీ లేదు. బుచ్చిరామం గారి చెయ్యి పసిపిల్లాడి బుగ్గలా నున్నగా ఉంది.

"ఇంకాస్సేపు ఆగుదామా?" అన్నారాయన. అరగంట ఆగాం. ఆయన కోసం ఎంతసేపైనా ఆగుదును.

సభ తీర్పు చెప్పింది. పుస్తకంలో కొత్త గడి ఒకటి: మొత్తం. కాటా అనుమానంగా చెప్పినప్పుడు పచ్చి పండు గీటు పెట్టొచ్చు, ఆరుబయట. ఆవిరి నియమం పరిశీలనకి కమిటీ, కమిటీకి అధ్యక్షుడు బుచ్చిరామం గారు. నూకరత్నానికి "ఉంది" కార్డు, మాత్రలు, గది అలాగే ఉంటుంది, మునక కూడా. నోటి గొట్టానికి రబ్బరు తగలకుండా గుడ్డ చుట్టి ఇస్తారు. నా మీద చొక్కా ఖరీదు.

బుచ్చిరామం గారి కార్డు తిరగరాయడానికి కూడా ఒప్పుకున్నారు, కానీ నేను తొందరపడలేదు. గీటు ఒక్కటే చాలదు, తినిపించి చూడాలి, అదే ఆఖరి మాట అని పుస్తకంలో ఉంది. ఇవాళ పొద్దున్న పండు కిటికీ దగ్గర, కొంచెం కొంచెంగా, అందరి ముందూ తిన్నారు. చిన్న ముక్క, తర్వాత పెద్ద ముక్క, తర్వాత సగం పండు. గింజ పళ్ళకి తగలకుండా తొక్క ఒడుపుగా ఒలిచి తినే తీరు చూస్తే, ఇది మొదటిసారి అని మాత్రం అనిపించలేదు. చివర నాలుక చాపి చూపించారు. ఆ నాలుకని నేను దగ్గరికి వెళ్ళి చూశాను.

నమోదు 2242. అదే నెల, 9

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ రోజు గంగులమ్మత్త వేసిన కేక చెవిలోంచి పోవడం లేదు. ఇలాగే ఉన్నాడే అంది.

ఐదో పుస్తకం తీశాను. నమోదు 1487. మల్లాడి కొండబాబు. పని: మునక. అంకె: 0.31. ఫలితం: లేదు. రిమార్కులు: ఏమీ లేవు. దస్తూరీ నాది. గుండ్రంగా, నింపాదిగా ఉంది. ఆ తేదీ తర్వాత పన్నెండో రోజున అతను పోయాడు.

తీగలన్నీ విప్పాను. రెండేళ్ళ నాటి తీగ అడుగున అతని తోక దొరికింది. మొత్తం: 2. వెనక్కి తిప్పాను. నా సరుకుల జాబితా. ఉప్పు, చింతపండు, దీపం వత్తులు.

గంగులమ్మత్త గదికి వెళ్ళాను. దాచుకుని బతకడం నా వల్ల కాదు. నూకరత్నం గొట్టానికి గుడ్డ చుడుతోంది. చెప్పాల్సింది చెప్పాను, చీటీ రెండు వైపులా చూపించాను. నూకరత్నం గుడ్డ వదిలేసి గోడ వైపు తిరిగింది. గంగులమ్మత్త తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నోరు దురదన్నాడు," అంది. "వారం రోజులన్నాడు. నీ దగ్గరికి పంపేను. లేదన్నావు. నువ్వు రాసిందాన్ని నేను నమ్మేను. నేను చెప్పిందాన్ని ఆడు నమ్మేడు. వేషాలెయ్యకు, తిని దిగరా అన్నానే సత్యవేణీ. ఆఖరి మాట అదేనే."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. నూకరత్నం లేచొచ్చి అత్త పక్కన కూర్చుంది.

కాసేపటికి గంగులమ్మత్త కళ్ళు తుడుచుకుని, "ఆ పుస్తకం పట్రా" అంది. తెచ్చాను. ఆవిడకి చదువు రాదు. గడి మీద వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడేటి రాసుంది?"

"ఏమీ లేవు అని."

"కొట్టెయ్. ఆణ్ణి తిని దిగమన్నది గంగులమ్మ అని రాయి. ఊరందరికీ తెలియాలి."

కొట్టేశాను. పైన చిన్న అక్షరాలతో రాశాను. ఆవిడ చూస్తూనే ఉంది.

"రాసేవా నా పేరు?"

"గడి చిన్నదత్తా," అన్నాను. "ఒక్క పేరుకే చోటుంది."

నమోదు 1487. రిమార్కులు: ఇతను నోరు దురద అని చెప్పాడు. తోక చింపింది, వినకుండా లేదని రాసింది ఓలేటి సత్యవేణి.